బాతు బొమ్మ పాటీ, అమ్మ పాదాలు

పొద్దున్నే అరుగు మీద అమ్మ కాళ్లు చాపుకుని, పాదాల మీద మా బుడ్డోణ్ణి కూర్చోబెట్టి "ష్ష్ష్..." అంది.
అంతే. పనైపోయింది!

చీరాలలో కొన్న బాతు బొమ్మ పాటీని మాత్రం వాడు టోపీలా నెత్తిన పెట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు.

పగలు డైపర్ మాన్పించింది కూడా అమ్మే. "తడి తగలకపోతే వాడికెట్టా తెలుస్తుందే?" అంటూ పాత నేత చీరలు చింపి గుడ్డలు చేసింది. మా వేటపాలెంలో మెత్తటి నూలు గుడ్డకి కరువా! ఇప్పుడు తడవగానే కాళ్లు ఎడం చేసి నిలబడి, ఎవరో చేసిన పనన్నట్టు నా వంక చూస్తాడు దొంగవెధవ.

ఈ పాటీ అలవాటు గురించే 1962లో బ్రేజల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు ఓ వ్యాసం రాశాడు. తొందరపెట్టకండి, పిల్లలు సిద్ధమయ్యాకే మొదలుపెట్టండి అని. పాంపర్స్ డైపర్లు వచ్చింది అంతకు ముందు ఏడాదే, 1961లో. చాలా ఏళ్లకి ఆ డాక్టరుగారే పాంపర్స్ ప్రకటనలో కనిపించారు!
అమ్మకి చెబితే ఒకటే నవ్వు.

ఆయన మాటా కొట్టిపారేయలేను. అమ్మ కూడా వాణ్ణి ఏనాడూ కసరదు, పోయకపోతే దించేస్తుంది, అంతే.

సరేగానీ, రాత్రిళ్లు ఏం చేస్తున్నారు మీరంతా? పక్క మీద రబ్బరు షీటు వేస్తే మావాడు పీకి అవతల పడేస్తున్నాడు. ఉపాయాలుంటే చెప్పండమ్మా!