యాభై దాటినంక గోండి నేర్చుకున్న ముచ్చట



పత్తి రెండో ఏరుడు అయిపోయింది, కంది కోతకు ఇంకా టైం ఉంది. అందుకే ఇయ్యాల పంట సంగతి పక్కన పెట్టి భాష సంగతి రాస్తున్న. కొంచెం పొడుగే ఉంటది, ఓపిక చేసుకుని చదవండి.

మాది ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. నాలుగెకరాల నల్లరేగడి. మా చేను దాటితే వాగు, వాగు దాటితే గోండు గూడెం. మా తాత కాలం నుంచి పత్తి ఏరడానికి వాళ్ళు మా చేన్లకు వస్తరు. వాళ్ళల్ల వాళ్ళు గోండి మాట్లాడుకుంటరు, మాతోని తెలుగు మాట్లాడుతరు. మూడు తరాలుగా వాళ్ళే మా భాష నేర్చుకుంటున్నరు. వాగు ఇవతల నుంచి వాళ్ళ భాషలోకి పోయినోళ్ళు లేరు. మా ఊర్లో ఇది ఎవరికీ వింతగా అనిపించదు కూడా.

నాకు చిన్నప్పటి నుంచి భాషల పిచ్చి. మరాఠీ సంతలో నేర్చిన, ఉర్దూ ఇంటర్ దోస్తుల దగ్గర నేర్చిన. గోండి మాత్రం యాభై రెండేళ్ళకు మొదలుపెట్టిన. నా బడి ఎక్కడంటే పత్తి కాంటా దగ్గర. పొద్దూకినంక తూకం వేస్తుంటే ఆడోళ్ళు లెక్క వాళ్ళ మాటల్లో చెప్పుకునేది: ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్. నేనూ వాళ్ళతోపాటు లెక్కపెట్టుడు మొదలుపెట్టిన. మొదటి రోజు ఒకటే నవ్వులు. రెండో రోజు ఒక పెద్దమ్మ “అట్ల కాదు పటేలా” అని నోరు తిప్పి పలికి చూపెట్టింది. అప్పటిదాకా ఆమె నాతో కూలి లెక్క తప్ప ఇంకో మాట మాట్లాడింది లేదు.

మిత్రులారా, నేర్చుకుంటుంటే నాకు ఆశ్చర్యమైంది ఒకటుంది. మన కన్ను వాళ్ళకు కన్. కాలు కాల్, చెయ్యి కై, పాలు పాల్. నీళ్ళను ‘ఏర్’ అంటరు. మనం ఏరు అని వాగును అంటం కదా! భాషా శాస్త్రవేత్తలు తెలుగును, గోండిని ద్రావిడ భాషల్లో ఒకే కొమ్మలో పెట్టిండ్రు. తమిళం, కన్నడం కంటె గోండి మనకు దగ్గరి చుట్టమన్నట్టు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద దాదాపు 30 లక్షల మంది గోండిని మాతృభాషగా రాయించుకున్నరు. అయినా ఎనిమిదో షెడ్యూల్‌లో దానికి చోటు లేదు.

“దానికి లిపి లేదు కదా” అని మా ఊరోళ్ళు అంటుంటరు. ఉంది. మన జిల్లాలోనే గుంజాల అనే ఊర్లో పాత చేతిరాత ప్రతులు దొరికినయి. ఆ గుంజాల గోండి లిపి 2018 లో యూనికోడ్‌లో కూడా చేరింది. అంటే ఫోన్లో, కంప్యూటర్లో కొట్టడానికి దారి పడ్డది. గూడెంలో డిగ్రీ చదివే పిల్లగాడు ఒకడు నాకు ఆ అక్షరాలు దిద్దించిండు. వాడికి ఇరవై ఏళ్ళు, నాకు యాభై మూడు. నేను పలక పట్టుకుని కూర్చుంటే వాళ్ళ నానమ్మ వచ్చి చూసి మురిసిపోయేది.

పోయిన దీపావళికి దండారి ముచ్చట చెప్పాలె. దండారి రోజుల్లో ఒక గూడెమోళ్ళు ఇంకో గూడేనికి చుట్టాలుగా పోతరు. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడుతరు. మా పక్క గూడెం పట్ల (పెద్దమనిషి) నన్ను కూడా రమ్మన్నడు. అక్కడి ముసలాయన నన్ను చూసి “ఈయన ఎవరు?” అని పట్లను గోండిలో అడిగిండు. పట్ల గోండిలోనే చెప్పిండు, “మన ఊరాయనే” అని. నాకు అర్థమైతదని ఆయనకు తెలుసు. ఆయన నా దిక్కు చూడలే, నేనూ ఏం అనలే. ఇన్నేళ్ళు ఆయన నాతో తెలుగులో మాట్లాడితే “మా ఊరు, మీ ఊరు” అనేటోడు. మేము, మనము తేడా తెలుగోళ్ళకు నేను చెప్పాల్నా?

ఒక మాట చెప్తే మీరు నవ్వొద్దు. ఇప్పుడు గూడెంలో చిన్నపిల్లలను “నీవా పరోల్ బాతల్?” (నీ పేరేంది?) అని అడుగుత. కొందరు తెలుగులో జవాబు చెప్తరు. బడిలో చదువు తెలుగు, ఇంగ్లీషు. టీవీ తెలుగు, ఫోన్ హిందీ. 1943 లోనే హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టించిండు. ఎనభై ఏళ్ళు దాటినంక ఆ ఊళ్ళ పిల్లలు సొంత మాటకు సిగ్గుపడుతున్నరు. నేను ఇంత పెద్ద వయసులో కష్టపడి లోపలికి పోతుంటే, ఆ పిల్లలు అదే దర్వాజ నుంచి బయటికి వస్తున్నరు. మా పెద్దమ్మ ఈ మాటే అన్నది: “పటేలా, నువ్వు నేర్చినవు సరే. నా మనవడికి నువ్వే చెప్తవా?” అందరం నవ్వినం గానీ, ఆమె నవ్వలే.

అందుకే ఇప్పుడు తూకం కాడికి పిల్లలు వస్తే లెక్క గోండిలోనే చెప్పిస్తున్న. సరిగ్గా చెప్పినోళ్ళకు పల్లిపట్టి. నేను తప్పు పలికితే వాళ్ళు దిద్దుతరు. అది వాళ్ళకు మస్తు సంబురం.

మీ ఊరి పక్కన ఏ భాష ఉంది? కోయనా, కొలామీనా, లంబాడీనా, సవరనా? పది మాటలు నేర్చుకుని చూడండి. మీకు వచ్చిన మాటలు కింద రాయండి, నేను గోండి మాట పక్కన పెడుత.

పొద్దుగాల మోటరు కాడికి పోవాలె. ఉంట మరి.