మేమా, మనమా?



మన తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఎదుటివాడిని కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అమ్మ మాటలతోపాటే వచ్చేసింది. అందుకే దాని గురించి మనం ఎప్పుడూ ఆలోచించం.

సెమినరీకి వెళ్లాక నాకు ఇది తెలిసొచ్చింది. ఇంగ్లీషులో రెంటికీ 'వుయ్' ఒక్కటే. హిందీలో 'హమ్' ఒక్కటే. కొత్త నిబంధన రాసిన గ్రీకులోనూ అంతే. ఇప్పటికీ ఇంగ్లీషు వ్యాఖ్యానం చదివి ఆదివారం ప్రసంగం తెలుగులో రాసుకునేటప్పుడు, 'వుయ్' వచ్చిన ప్రతిచోటా కలం ఆగుతుంది. ఎవరిని కలుపుతున్నాను? ఎవరిని బయట పెడుతున్నాను? ఇంగ్లీషులో చదివినంతసేపూ ఈ ప్రశ్న తట్టదు. తెలుగు మాత్రం అడిగి తీరుతుంది.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో తుపాను సంగతి మీకు తెలుసు. దోనె నీళ్లతో నిండిపోతోంది. యేసు వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు ఆయనను లేపి, నశించిపోతున్నామని మొరపెట్టారు. గ్రీకులో అది ఒక్క క్రియాపదం. నశించేవాళ్లలో ప్రభువు కూడా ఉన్నాడా లేదా అన్నది ఆ పదం చెప్పదు. తెలుగులో విడమరచి చెప్పాలంటే మేమా, మనమా అని తేల్చుకోవాలి. భయంలో ఉన్న మనిషి 'మేము' అనే అంటాడు. కానీ ఆయన పడుకున్నది ఒడ్డున కాదు, అదే దోనెలో!

మొన్న మిరపతోట దెబ్బతిన్న ఒక సహోదరుడి ఇంటికి వెళ్లాను. "మేం మునిగిపోయాం అయ్యగారూ" అన్నాడు. కౌలు కట్టాలి, పురుగుమందుల కొట్టులో బాకీ తీర్చాలి. 'మీ కోసం మేము ప్రార్థన చేస్తాం' అనే మాట నా నోటిదాకా వచ్చింది. అది చెడ్డ మాటేమీ కాదు. కానీ అందులోని 'మేము' నాకే వినబడింది. ఒడ్డున నిలబడి చెప్పే మాట అది. "మనం ప్రార్థన చేద్దాం బాబూ, బాకీ సంగతి కూడా మనమే చూద్దాం" అన్నాను.

'మనం' అన్నాక లేచి వెళ్లిపోవడం కుదరదు. ప్రార్థన అయ్యాక కాగితం తీసుకుని బాకీల లెక్క రాశాం. ఆ రాత్రే సంఘ పెద్దలతో మాట్లాడాను. వచ్చే పంటకు పెట్టుబడి ఎలాగన్నది ఇంకా తేలలేదు. తేలేదాకా అది మన బాకీయే.

పిల్లలు ఇంగ్లీషు, హిందీ నేర్చుకుంటున్నారు. సంతోషం, నేర్చుకోనివ్వండి. వేరే భాష వస్తేనే మన నోటి మాట మనకు వినబడుతుంది. ఈ వారం మాత్రం మీరు 'మేము' అన్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగండి. ఆ మాటతో ఎవరు బయట ఉండిపోయారో చూడండి. వారిని లోపలికి పిలవగలిగితే పిలవండి.

మనతో అదే దోనెలో ఉన్న ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.