ఆడటానికి పూల్, చూడటానికి స్నూకర్

ఈసారి గోడపత్రికకి "నాకు నచ్చిన ఆట" మీద రాయమని మేడం చెప్పగానే మా క్లాసులో సగం మంది క్రికెట్ అన్నారు, మిగతావాళ్లు ఖోఖో, త్రోబాల్ అన్నారు. నేను స్నూకర్ అన్నాను. "అదేం ఆటే, సినిమాల్లో విలన్లు ఆడేది కదా!" అని ఒకటే నవ్వులు. నిజమే. మన సినిమాల్లో విలన్ ఇంట్లో ఒక పచ్చబల్ల ఉంటుంది, ఆయన ఒక బాల్ కొడతాడు, ఈలోగా ఎవరో వచ్చి చెడ్డ వార్త చెబుతారు, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆ ఆట పూర్తయ్యాక ఎవరు గెలిచారో ఇంతవరకూ ఏ సినిమా చూపించలేదు. ఇంకో ఇద్దరు "పూల్, స్నూకర్ రెండూ ఒకటే కదా" అన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్లిద్దరి కోసం.

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మా ముత్తాత చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు కన్నడ. మా ఇంట్లో మాట తెలుగులో మొదలై కన్నడంలో పూర్తవుతుంది, ఎవరికీ తేడా తెలియదు. మా తాత ఈ ఊళ్లోనే ఒక పెద్ద క్లబ్బులో 38 ఏళ్లు మార్కర్‌గా పనిచేశాడు. మార్కర్ అంటే బిలియర్డ్స్ గదిలో పనిచేసే మనిషి. బల్ల మీద గుడ్డని రోజూ బ్రష్‌తో ఒకే దిక్కుగా దువ్వాలి, ఇస్త్రీ చేయాలి, క్యూల చివర టిప్ ఊడితే అంటించి ఆకురాయితో సమం చేయాలి. మెంబర్లు ఆడుతుంటే పక్కన నిలబడి స్కోర్ చెప్పాలి, గుంతలో పడిన బాల్స్ తీసి మళ్లీ వాటి చోట పెట్టాలి. తాత బాల్‌ని గుండు అంటాడు, క్యూని కట్టె అంటాడు. అందుకే నాకు స్నూకర్ చిన్నప్పుడే గుండ్లు, కట్టె, లెక్కగా తెలుసు. పూల్ మాత్రం నేను కాలేజీకి వచ్చాక నేర్చుకున్నాను, మా బస్టాప్ దగ్గర గంటకింత అని డబ్బు కట్టి ఆడే చోట.

ఇప్పుడు తేడాలు చెబుతాను. స్నూకర్ బల్ల 12 అడుగుల పొడుగు, 6 అడుగుల వెడల్పు. పచ్చగుడ్డ కింద పలకరాయి ఉంటుంది, మొత్తం బరువు టన్ను దాటుతుంది. 15 ఎర్ర బాల్స్, ఒక్కొక్కటికి 1 పాయింట్. ఆరు రంగు బాల్స్: పసుపుకి 2, ఆకుపచ్చకి 3, గోధుమకి 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకి 7. ఒక ఎరుపు వేస్తేనే ఒక రంగు వేసే హక్కు వస్తుంది. ఎరుపు పడితే మళ్లీ రాదు. రంగు పడితే దాన్ని తీసి దాని చుక్క మీద పెడతారు. ఎరుపులన్నీ అయిపోయాక రంగుల్ని 2 నుంచి 7 దాకా వరసగా వేయాలి. ప్రతి ఎరుపుకీ నలుపు వేసుకుంటూ పోతే మొత్తం 147. దానికి వరసగా 36 బాల్స్ పడాలి.

పూల్ బల్ల చిన్నది. టోర్నమెంట్లలో 9 అడుగులది వాడతారు, మేము ఆడే చోట ఉన్నది 8 అడుగులది. చదరపు అడుగుల్లో లెక్కేస్తే స్నూకర్ బల్లలో సగం కూడా లేదు. బాల్స్ మాత్రం కొంచెం పెద్దవి, 57 మిల్లీమీటర్లు, స్నూకర్‌వి 52.5. గుంతలు కూడా వెడల్పు. మేము ఆడే ఎయిట్ బాల్‌లో ఒకరికి నిండు రంగు బాల్స్ ఏడు, ఇంకొకరికి చారల బాల్స్ ఏడు. నీ ఏడూ వేసి, చివర్లో 8 అంకె ఉన్న నల్లది వేస్తే గెలుపు. పాయింట్ల గొడవ లేదు. తెల్ల బాల్ గుంతలో పడిందా, అవతలివాళ్లు దాన్ని తమకి ఇష్టమైన చోట పెట్టుకుని ఆడతారు.

ఈ నియమాల్లోనే నాకు ఒక పెద్ద తేడా కనిపించింది. పూల్‌లో పడిన బాల్ పడినట్టే. ఆట అయ్యేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. స్నూకర్‌లో రంగులు పడిన ప్రతిసారీ ఎవరో ఒకరు వంగి తీసి చుక్క మీద పెట్టాలి, ఎవరో ఒకరు లెక్క చెబుతూ ఉండాలి. అంటే పక్కన ఒక మనిషి నిలబడి ఉంటాడు అనుకుని పుట్టిన ఆట అది.

అది ఎక్కడ పుట్టిందో చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. స్నూకర్ పుట్టింది ఇంగ్లాండులో కాదు, మన దేశంలోనే, 1875లో జబల్పూర్ సైనికాధికారుల మెస్‌లో. దానికి ఆ పేరు పెట్టినవాడు నెవిల్ చాంబర్లేన్ అనే ఆఫీసర్. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరు, ఈయన వేరు. 1880ల మొదట్లో ఊటీ క్లబ్బులో నియమాలు ఒక రూపానికి వచ్చాయి. అప్పట్లో సైనిక కాలేజీలో కొత్తగా చేరిన కుర్రాళ్లని సీనియర్లు స్నూకర్ అని పిలిచేవారట. ఒకసారి ఆటలో ఒకాయన సులువైన బాల్ తప్పితే చాంబర్లేన్ ఆయన్ని ఆ మాట అన్నాడని, ఆ మాటే ఆటకి పేరైపోయిందని చెబుతారు. అంటే ఫస్ట్ ఇయర్ వాళ్లని ఆటపట్టించే మాట అది. మన హాస్టల్ వాళ్లకి ఈ సంగతి బాగా నచ్చుతుంది.

ఇక ఆడటం. నన్నడిగితే కొత్తవాళ్లకి పూలే మంచిది. మొదటిరోజే రెండు మూడు బాల్స్ పడతాయి. గురి కొంచెం తప్పినా గుంత లోపలికి లాక్కుంటుంది. పావుగంటలో ఒక ఆట అయిపోతుంది, ఓడినా ఇంకోటి ఆడొచ్చు. నలుగురు ఫ్రెండ్స్ వెళితే ఇద్దరిద్దరుగా జట్టు కట్టొచ్చు. స్నూకర్ అలా కాదు. ఒకసారి పెద్ద బల్ల మీద ఆడి చూశాను. అవతలి చివర ఉన్న ఎరుపు ఆవగింజలా కనబడింది. సగం బల్ల అందక రెస్ట్ పెట్టుకోవాల్సి వచ్చింది. 40 నిమిషాల్లో నేను వేసినవి మూడు. నేను విసుక్కుంటే తాత, "గుండు వేసేది సగం పనే పాపా. వేసినాక తెల్లగుండు ఎక్కడ నిలబడుతుందో, అదే ఆట" అన్నాడు.

చూడటానికి మాత్రం స్నూకర్‌కి సాటి లేదు. పూల్‌లో కూడా చూడదగ్గ ఆట ఉంది, కాదనను. నైన్ బాల్‌లో ఎప్పుడూ బల్ల మీద ఉన్న చిన్న అంకెనే ముందు తాకాలి. 9 పడితే గెలుపు. ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్, 1999లో ప్రపంచ నైన్ బాల్ చాంపియన్, దారే లేనిచోట గట్టుకి కొట్టి బాల్ తాకించే తీరు చూస్తే ఎవరైనా నోరు తెరుస్తారు. కానీ అందులో చూసేవాళ్లకి పని లేదు, చప్పట్లు కొట్టడం తప్ప. స్నూకర్‌లో చూసేవాళ్లకి చేతినిండా పని. బల్ల మీద రంగులు మాత్రమే మిగిలితే ఉన్నవి 27 పాయింట్లు. ఒక్క ఎరుపు కూడా ఉంటే, దానికి నలుపు కలుపుకుని 35. వెనకబడినవాడు 30 పాయింట్ల దూరంలో ఉండి 27 మాత్రమే మిగిలితే, బాల్స్ అన్నీ వేసినా గెలవడు. అప్పుడు తెల్ల బాల్‌ని అడ్డం వెనక దాచి, అవతలివాడిచేత ఫౌల్ చేయించాలి. ఫౌల్‌కి కనీసం 4 పాయింట్లు వస్తాయి. అంటే ఒక్క ఫౌల్ దొరికితే చాలు, ఆట మళ్లీ బతుకుతుంది. ఐదో క్లాసు చదివిన మా తాత ఈ లెక్కలన్నీ టీవీ కంటే ముందే చెప్పేస్తాడు.

1985 ప్రపంచ ఫైనల్ని మేమిద్దరం ఫోన్‌లో మూడు నాలుగుసార్లు చూశాం. స్టీవ్ డేవిస్ మొదట్లో 8-0తో ముందున్నాడు. డెన్నిస్ టేలర్ మెల్లగా అందుకున్నాడు. 17-17 అయ్యింది. ఆఖరి ఫ్రేమ్ గంట దాటి నడిచి, చిట్టచివరి నల్ల బాల్ మీదికి వచ్చింది. ఇద్దరూ దాన్ని తప్పారు. చివరికి టేలర్ వేశాడు. మ్యాచ్ మొత్తంలో ఆయన ముందుకి వచ్చింది ఆ ఒక్క క్షణమే. అర్ధరాత్రి దాటినా బ్రిటన్‌లో 1 కోటి 85 లక్షల మంది మేలుకుని చూశారు.

మూడేళ్లుగా తాతకి చూపు మందగించింది. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యింది, రెండోదానికి షుగర్ తగ్గేదాకా ఆగమన్నారు. గోధుమకీ ఎరుపుకీ తేడా తెలియటంలేదు. పూల్ బాల్స్ మీది చారలు, అంకెలు అసలు కనబడవు. అందుకే మేము స్నూకరే చూస్తాం. "ఎరుపు పడింది తాతా, ఇప్పుడు నీలం" అని నేను చెబుతుంటాను, "ఆరు… ఏడు… పన్నెండు" అని ఆయన లెక్క కడుతుంటాడు. 38 ఏళ్లు ఊళ్లోవాళ్లకి ఆయన మార్కర్, ఇప్పుడు ఆయనకి నేను.

ఒకసారి అడిగాను, "నువ్వు క్లబ్బులో ఆడేవాడివా తాతా?" అని. "మేం ఆడకూడదు. పొద్దున్నే గది ఊడ్చేటప్పుడు, ఎవరూ రాకముందు నాలుగు గుండ్లు కొట్టుకునేవాళ్లం" అన్నాడు. గొంతులో కోపం లేదు. నాకే కోపం వచ్చింది. ఆ బల్లని రోజూ దువ్వి ఇస్త్రీ చేసింది ఆయన, దాని మీద ఆడే హక్కు లేనిది కూడా ఆయనకే.

పోయిన దసరా సెలవుల్లో తాతని నేను ఆడే పూల్ సెంటర్‌కి తీసుకెళ్లాను. దగ్గరి బాల్స్ ఆయనకి బాగానే కనబడతాయి. చాక్ రాసి, కట్టె పట్టి వంగాడు. ఆ వంగటం చూసి పక్క బల్ల అబ్బాయిలు ఆట ఆపేశారు. వరసగా నాలుగు వేశాడు, గట్టిగా కొట్టింది ఒక్కటీ లేదు. "బిరీన కొట్టకూడదు పాపా, గుండుకి దారి చెప్పాలంతే" అని నాకు పాఠం కూడా చెప్పాడు. కానీ ఆట అవగానే ఆయన అలవాటుగా గుంతల దగ్గరికి నడిచి బాల్స్ తీసి పేర్చబోయాడు. నేను చేయి పట్టుకుని ఆపాను. "ఇక్కడ ఓడినవాళ్లు పేర్చాలి తాతా. ఓడింది నేను" అన్నాను. ఆయన కట్టె పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. నేను పేర్చాను. ఆ రోజు నుంచి పూల్‌ని ఎవరైనా చిన్న ఆట అంటే ఒప్పుకోను. దానికి మార్కర్ అక్కర్లేదు, ఆడేవాళ్లే అన్నీ చేసుకుంటారు.

"ఆడపిల్లలకి ఈ ఆట ఏమిటి" అని మా అమ్మలాగే మీ అమ్మలు కూడా అనొచ్చు. అమ్మకి నేను చెప్పిన జవాబు మీకూ చెబుతాను. ఈ ఊళ్లోనే ఆర్. ఉమాదేవి అని తోటల శాఖలో టైపిస్టుగా పనిచేసిన ఆవిడ ఉన్నారు. టేబుల్ టెన్నిస్ ఆడదామని ఉద్యోగుల క్లబ్బుకి వెళితే అక్కడ వంతు దొరక్క బిలియర్డ్స్ బల్ల దగ్గరికి వెళ్లారట. అప్పటికే పెళ్లయి, ముప్పై దగ్గర పడిన మనిషి. 2012లో మహిళల బిలియర్డ్స్ ప్రపంచ చాంపియన్ అయ్యారు. విద్యా పిళ్లై 2017లో సింగపూర్‌లో ప్రపంచ మహిళల స్నూకర్ ఫైనల్ దాకా వెళ్లి 6-5తో, ఒక్క ఫ్రేమ్ తేడాతో ఓడిపోయారు. ఇదంతా విన్నాక అమ్మ కన్నడంలో ఒకటే మాట అంది: ఏడు గంటల్లోపు ఇంటికి వచ్చేయాలి. నేనైతే దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కేసుకున్నాను.

కాబట్టి నా తీర్పు పైన పెట్టిన పేరులోనే ఉంది. అయినా స్నూకర్‌ని చూడటంతో వదిలేయాలని లేదు. ఈ సెమిస్టర్ అయ్యేలోపు పెద్ద బల్ల మీద ఒక ఎరుపు, వెంటనే ఒక నలుపు వేయాలి. మొత్తం ఎనిమిదే పాయింట్లు, కానీ మా తాత నోటితో ఆ "ఎనిమిది" వినాలి. పెద్ద బల్లకి గంట అద్దె ఎక్కువ, నలుగురం పంచుకుంటే తేలిక. శనివారం మధ్యాహ్నం క్లాసులు లేవు. రావాలనుకునేవాళ్లు డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో నన్ను కలవండి. రెండూ ఒకటే అన్న ఆ ఇద్దరూ తప్పకుండా రావాలి. లెక్క కట్టే పని తాతది, పేర్చే పని ఓడినవాళ్లది.