తొట్టిలోని చేపలు – నీటి వేడిమి

అమీర్‌పేట, పంజగుట్టల మేడలలో పెరడు లేదు, నుయ్యి లేదు. తులసికోటకే వరండాలో చోటు వెదకుకొనవలసియున్నది. అట్టి యిండ్లలో పిల్లల ముచ్చట తీర్చుటకు గాజుతొట్టిలో చేపలను పెంచువారు కలరు. తొట్టిని కొనితెచ్చువారు పురుషులు. మేత వేయువారు పిల్లలు. నీరు మార్చు పని మాత్రము మనది. గావున సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవించుచున్నారము.

అంగడిలో రంగులు చూచి, ఎఱ్ఱనిది యొకటి, నల్లనిది యొకటి, చారలది యొకటి యేరుకొనుట సామాన్యము. మొదట అడుగవలసినది “దీనికెంత వేడిమిగల నీరు కావలయును?” అని. చేపకు మనవలె ఒంటివేడిని నిలుపుకొను శక్తి లేదు; నీటి వేడిమియే దాని వేడిమి. నీరు చల్లబడినచో జీర్ణశక్తి మందగించును. వేడెక్కినచో శ్వాస త్వరపడును. కాని వేడినీట ప్రాణవాయువు తక్కువగా కరగును. 20 డిగ్రీల సెంటీగ్రేడు నీట లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు నిలువగా, 30 డిగ్రీలయందు ఏడున్నర మాత్రమే నిలుచును. అక్కర హెచ్చినప్పుడే రాబడి తగ్గుట! సంసారము నడుపువారికి ఈ చిక్కు వివరింపనక్కరలేదు.

గోల్డుఫిష్ చైనాదేశపుది, చల్లని నీటి ప్రాణి. దానికి 18 మొదలు 22 డిగ్రీలు హాయి. డిస్కస్ అమెజాను ప్రాంతపుది. 28 డిగ్రీలైనను ఉండవలయును. ఈ రెంటిని ఒక్క తొట్టిలో నుంచినచో ఏదో యొకటి కృశించుట నిశ్చయము. ఏంజెల్, గౌరామి, మోలీలకు 24 మొదలు 27 వఱకు ఒప్పును. నియాన్ టెట్రాకు 25 సరిపోవును గాని, వేడిమి కుదిరినంత మాత్రమున స్నేహము కుదురదు; ఎదిగిన ఏంజెల్ చిన్న నియానును మ్రింగగలదు. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టను గంగానది చేపల గ్రంథమున వర్ణించిన మన జీబ్రా చేప చలిని, వేడిని చాలవఱకు ఓర్చుకొనును. క్రొత్తగా పెంచువారికి మేము దానినే చెప్పుదుము.

మన నగరమున అసలు ఆపద మిద్దెమీది ట్యాంకునుండి వచ్చును. మే మాసపు మధ్యాహ్నము నల్లా నీరు చేయి కాల్చును. డిసెంబరు వేకువను అదే నల్లా నీరు వేళ్లు కొంకర్లుపోవునట్లుండును. దానిని తిన్నగా తొట్టిలో పోయరాదు. తొట్టియున్న గదిలోనే బకెట్టు నీరు ఒక రాత్రి యుంచినచో వేడిమి సమమగును, క్లోరినును చాలవఱకు పోవును. ఒకేసారి నాల్గవపాలుకు మించి మార్చవలదు. థర్మామీటరుతో రెండు నీళ్లను చూచి, రెండు డిగ్రీలకు మించి భేదమున్నచో ఆగవలయును.

రాత్రి ఏసీ వేసి పగలు మూసియుంచు గది తొట్టికి తగదు. చలికాలమునకు లీటరునకు ఒక వాట్టు చొప్పున హీటరు చాలును. చేయి పెట్టుటకు ముందు దాని కరెంటు తీసివేయవలయును. వేసవిలో మూత తీసి నీటిమీదికి పంకా గాలి త్రిప్పినచో ఒకటి రెండు డిగ్రీలు తగ్గును. మంచుగడ్డలు వేయుట మాకు సమ్మతము గాదు.

ఇదివఱకే గోల్డుఫిష్‌ను వేడినీటి చేపలతో గలిపియున్నవారు దానిని ఇంటిలో చల్లగానుండు గదిలోని వేఱొక తొట్టికి మార్చుట మేలు. రెండవ తొట్టికి చోటు లేనిచో, కొందఱు అంగడివారు చేపను తిరిగి పుచ్చుకొందురు, అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.