గాలముతో విశాఖ తీరమున



సెలవులు వచ్చినప్పుడు మన గ్రామాల నుండి అనేక కుటుంబాలు విశాఖపట్టణం చూడడానికి వెళ్తుంటాయి. చెరువులోను కాలువలోను గాలము వేసిన మన పిల్లలకు, సముద్రములో కూడా వేయాలనే ఆశ ఉంటుంది. అది తప్పు కాదు. మన ప్రభువు శిష్యులలో కొందరు చేపలు పట్టువారే. మత్తయి సువార్త 17వ అధ్యాయములో పేతురు గాలము వేసిన సంగతి కూడా మనము చదువుతాము. గనుక ఆ తీరాన నేను చూచిన స్థలములను గూర్చి, అక్కడ నేను నేర్చుకున్న ఒక పాఠమును గూర్చి వ్రాయుచున్నాను.

మొదట చూడవలసినది పట్టణములోని చేపల రేవు. ఇది గాలము వేసే చోటు కాదు, చూచి నేర్చుకునే చోటు. తెల్లవారక ముందే వెళ్లాలి. మరపడవలు వచ్చి ఆగుతాయి. కోనాములు, చందువలు, కానాగంతలు, రొయ్యలు రాశులుగా పోస్తారు. వేలంపాట మొదలవుతుంది. స్త్రీలు గంపలు తలకెత్తుకొని వీధులకు బయలుదేరుతారు. మన పళ్లెములోని చేప ముక్క వెనుక ఎందరి నిద్రలేని రాత్రులున్నాయో అక్కడ తెలుస్తుంది. 2023 నవంబరు 19వ తేదీ రాత్రి ఈ రేవులో అగ్నిప్రమాదము జరిగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. పడవ కాలితే దాని యజమానికే కాదు, అందులో పనికి పోయే ప్రతివాని ఇంటికీ కూడు పోతుంది. అక్కడికి వెళ్లినప్పుడు ఆ కుటుంబాల కొరకు ఒక ప్రార్థన చేయండి.

రేవు నుండి ఉత్తరముగా సముద్రపు ఒడ్డునే భీమునిపట్నం దారి ఉంది. మొదట జాలరిపేట వస్తుంది. అక్కడ ఇసుక మీద పడవలు, ఆరవేసిన వలలు కనబడతాయి. వలలు బాగుచేసుకొనే వారితో కూర్చుంటే ఏ గాలికి ఏ చేప వస్తుందో చెప్తారు. తరువాత రుషికొండ. చూచుటకు ఎంతో అందమైనదే కాని, అక్కడ నీటి అడుగున లాగుడు ఎక్కువ. డాల్ఫిన్స్ నోస్ కొండ అవతలనున్న యారాడ కూడా అటువంటిదే. ఈ రెండు చోట్లా పిల్లలను నీటిలోకి దింపవద్దు.

రుషికొండ దాటితే మంగమారిపేట. ఇది తొట్లకొండ దగ్గరి జాలరి పల్లె. కెరటాలు తొలిచిన రాతి తోరణము ఇక్కడ ఉంది. నీరు వెనుకకు తీసినప్పుడు రాళ్ల మధ్య గుంటలలో చిన్న చేపలు, పీతలు ఆడుతుంటాయి.

పట్టణమునకు సుమారు 25 కిలోమీటర్ల దూరములో భీమిలి. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నది ఇక్కడ సముద్రములో కలుస్తుంది. మంచినీరు ఉప్పునీరు కలిసే చోట కొయ్యింగలు, పండుగప్పలు తిరుగుతాయి. కొయ్యింగ గాలమునకు తేలికగా చిక్కదు, దానికి విసురు వలే తగినది. పండుగప్ప మాత్రము ఎరను వెంటాడుతుంది. ఈ ఊరిలో 19వ శతాబ్దములో కట్టిన పాత దేవాలయము ఒకటుంది. జాలరుల ఊరిలోని ఆ మందిరమునకు పెట్టిన పేరు సెయింట్ పీటర్స్! అది తప్పక చూడండి.

గాలమునకు పెద్ద ఖర్చు అక్కరలేదు. గట్టి నైలాను తాడు, ఒక సీసపు గుండు, రెండు కొక్కెములు, ఎరకు పచ్చిరొయ్య ముక్కలు చాలు. తాడును చేతికి చుట్టుకోవద్దు, పెద్ద చేప లాగితే వేలు తెగుతుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మన తూర్పు తీరమున మరపడవల వేటకు నిషేధమున్నది. చేపలు గుడ్లు పెట్టి వృద్ధి చెందుటకే ఈ విరామము. మనిషికి, పశువుకు, పొలానికి విశ్రాంతి నియమించిన దేవుడు సముద్రమునకు కూడా విశ్రాంతి కోరునని నాకు తోస్తుంది. గాలమునకు తగిలిన చిన్న పిల్ల చేపలను తిరిగి నీటిలో విడిచిపెట్టండి.

ఇక నా పాఠము. కొన్ని సంవత్సరముల క్రితము మా అబ్బాయిని వెంటబెట్టుకొని ఈ తీరములోనే ఒక రాళ్ల గుట్టకు వెళ్లాను. వానికి అప్పుడు పన్నెండేళ్లు. రెండు గంటలైనా ఒక్క చేప తగలలేదు. ఇంకా ముందున్న రాయి మీదికి వెళ్తే లోతు దొరుకుతుందనుకున్నాను. దగ్గరలో గాలము వేస్తున్న ఒక ముసలి జాలరి అది చూచి కేక వేశాడు.

"బాబూ, తడిసిన రాయి మీద నిలబడకండి. తడిసిందంటే కెరటం అక్కడికి ఒచ్చిందనే గదా. ఒచ్చిన కెరటం మళ్లీ ఒస్తాది."

సముద్రము నిమ్మళముగానే ఉంది. "ఒక్క పది నిమిషాలే తాతా" అని నవ్వి, నేనే పిల్లవాని చెయ్యి పట్టుకొని ఆ రాయి మీదికి తీసికొనిపోయాను. ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఎక్కడి నుండి వచ్చిందో, నడుము ఎత్తు కెరటము వచ్చి మా ఇద్దరినీ కొట్టింది. నేను రాతి సందులో పడ్డాను. నా చేతిలోని చెయ్యి జారిపోయింది. నేను కన్నులు తెరిచేసరికి ఆ ముసలాయన ఒక చేత్తో రాయిని, మరొక చేత్తో మా వాని చొక్కాను పట్టుకొని ఉన్నాడు. మోకాళ్లు చెక్కుకుపోవడము తప్ప వానికి ఏమీ కాలేదు. దేవునికి స్తోత్రము.

ఆ తాత నన్ను ఒక్క మాట అనలేదు. గాలము సర్దుకొని తన చోటికి వెళ్లిపోయాడు. దారిలో మా వాడు, "నాన్నగారూ, అమ్మకు చెప్పొద్దు, భయపడతాది" అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. కాని ఇంటికి చేరి, వాడు చూస్తుండగానే ఆమెకు అంతయు చెప్పాను. దాచితే తండ్రి తప్పులు దాచవచ్చునని వాడు నా దగ్గరే నేర్చుకొనేవాడు.

ఆ ఆదివారము సంఘములో లూకా 5వ అధ్యాయము తెరిచాను. రాత్రంతా ప్రయాసపడిన పేతురు, సముద్రమంతా ఎరిగినవాడై యుండి, వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువు మాట విని వల వేశాడు. సముద్రము ఎరుగని నేను, జాలరి మాట వినలేదు. ఆ మాట చెప్తూ నేను కన్నీరు ఆపుకోలేకపోయాను.

ప్రియులారా, మీరు అక్కడికి వెళ్లినప్పుడు ముందు ఆ ఊరి జాలరిని అడగండి. ఆయన వద్దన్న చోటికి వెళ్లకండి. మన జీవితములో కూడా తడిసిన రాళ్లున్నాయి. ఒకసారి మనలను పడగొట్టిన త్రాగుడు, అప్పు, చెడు స్నేహము ఈనాడు నిమ్మళముగా కనబడవచ్చు. అక్కడ నిలబడకండి. పొడి రాయి మీద చేపలు తక్కువ దొరకవచ్చు గాని, పిల్లలతో క్షేమముగా ఇల్లు చేరతాము.

ప్రభువు మీ ప్రయాణములను కాపాడును గాక. ఆమేన్.