అమ్మ కాళ్ళు, నా హిందీ

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. విశాఖపట్నం నుంచి జోధ్‌పూర్ వచ్చాక ఇంట్లో అందరికంటే ముందు హిందీ వచ్చింది నాకే. కూరగాయల బండి దగ్గరా, డాక్టరు దగ్గరా అమ్మకు నేనే దుబాసిని.

రాత్రి పడుకోగానే అమ్మకు కాళ్ళు పీకేవి. లేచి హాల్లో అటూ ఇటూ నడిస్తే తగ్గేది. పడుకుంటే మళ్ళీ మొదలు. మేము ఇక్కడికి వచ్చిన రైల్లో రెండు రాత్రులూ అందరం నిద్రపోయాం, అమ్మ మాత్రం బోగీలో నడుస్తూనే ఉంది. తెల్లారితే మామూలుగా వంట, మా టిఫిన్ బాక్సులు. "పని ఎక్కువైతే అంతేనమ్మా" అనేది నానమ్మ ఫోనులో.

అమ్మ తనకు వచ్చిన హిందీలో "దర్ద్" అని చెప్పేది. అందుకని నొప్పి మాత్రలు ఇచ్చేవారు. అవి పనిచేయలేదు. "పీకడం" అన్న మాటకు సరైన హిందీ మాట నాకూ దొరకలేదు. ఒకరోజు ఆసుపత్రికి వెళ్ళేముందు అమ్మను అడిగాను, అసలు ఎలా ఉంటుందని. "నొప్పి కాదే. లోపల చీమలు పాకినట్టుంటుంది. కదపకుండా ఉండలేను" అంది.

ఈసారి కొత్త డాక్టరుగారికి అదే చెప్పాను. కూర్చున్నా పడుకున్నా ఎక్కువ, నడిస్తే తక్కువ, పగటికంటే రాత్రి బాధ ఎక్కువ. ఆయన వెంటనే "రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్" అన్నారు. దీన్ని తేల్చే ప్రత్యేక పరీక్ష ఏదీ లేదట, రోగి చెప్పే మాటలే ఆధారమట. తర్వాత చదివితే తెలిసింది, 1672లోనే ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ ఇలాంటి బాధ గురించి రాశారని. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ దీన్ని వివరంగా వర్ణించి ఈ పేరు పెట్టారు.

జబ్బుకు కారణం వెతకడానికి మాత్రం రక్తపరీక్ష చేశారు. అమ్మ హిమోగ్లోబిన్ బాగానే ఉంది. కానీ ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 18 మాత్రమే. ఈ జబ్బున్న పెద్దవాళ్ళకు అది 75 దాటకపోతే ఐరన్ ఇచ్చే విషయం ఆలోచిస్తారట. అమ్మకు ఐరన్ మాత్రలు రాశారు. వాటిని టీతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమన్నారు. సాయంత్రం కాఫీ, టీ మానమన్నారు. కొన్ని జలుబు మాత్రలు ఈ బాధను పెంచుతాయి కాబట్టి అడగకుండా వేసుకోవద్దన్నారు. పరీక్ష చేయించకుండా ఎవరూ ఐరన్ మాత్రలు మింగకూడదనీ చెప్పారు.

మూడు నెలలకు ఫెరిటిన్ పెరిగింది. బాధ పూర్తిగా పోలేదు. పడుకునేముందు పిక్కలు సాగదీసి, వేడినీళ్ళతో స్నానం చేస్తుంది. వారంలో చాలా రాత్రులు నిద్రపోతోంది. రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టాం. రేపు ఏ ఊరికి బదిలీ అయినా అది మాతో వస్తుంది.

మీ ఇంట్లోనూ దుబాసి మీరే అయితే, పెద్దవాళ్ళ బాధను ఒక్క మాటలో తేల్చేయకండి. ఎప్పుడు వస్తుంది, ఎలా ఉంటుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని ముందు అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే డాక్టరుకు చెప్పండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని