యాభై పైసల పాటల కోసం నారాయణపేటకు

దేవరకద్ర దాటాక పక్క సీటాయన మాట కలిపాడు. "నారాయణపేటకా? చీరలకు వచ్చిన్రా సార్?" ఆ ఊరికి కొత్తవాళ్లు వచ్చేది చీరలకో బంగారానికో. పాత పాటల పుస్తకాల కోసమని చెప్తే నన్నూ, నా ఖాళీ సంచినీ మార్చి మార్చి చూసి, "గవి గూడ కొంటరా ఎవలన్న?" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

నేను కొంటాను. ఎవరో ఒకరు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నవే కావాలి. పదహారు పేజీలో, ముప్ఫై రెండో. ముతక న్యూస్‌ప్రింటు, మధ్యలో ఒకటే పిన్ను, గులాబీ రంగో పసుపు రంగో పల్చటి అట్ట. ఈ పిచ్చి ప్రపంచమంతా ఉంది. 1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా పంక్ సంగీతం మీద 'స్నిఫిన్ గ్లూ' అని ఒక పత్రికను తానే టైపు కొట్టి, జిరాక్స్ తీసి పంచాడు. ఇప్పుడు ఆ కాగితాలకు బోలెడు ధర. మన దిగంబర కవులు అంతకు పదకొండేళ్ల ముందే, 1965లో, తమ మొదటి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత హైదరాబాద్‌లో విడుదల చేయించారు. ఇంకా వెనక్కి పోతే 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెలో సొంత ప్రెస్సు పెట్టుకుని 'తెనుగు' పత్రిక నడిపారు. ఇవన్నీ ఎప్పుడో పరిశోధకుల కళ్లలో పడ్డాయి. జాతరలో చాప పరిచి యాభై పైసలకు అమ్మినవాటినే ఎవరూ దాచలేదు.

మరికల్ దగ్గర బస్సు రాయచూరు రోడ్డు వదిలేసింది. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో జిల్లా కేంద్రమైంది గానీ, కర్ణాటక సరిహద్దు పక్కనే ఉండటంతో బజారు మాత్రం ఇప్పటికీ నాలుగు భాషల్లో బేరం చేస్తుంది. టీ కొట్టు దగ్గర నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే గ్లాసు చుట్టూ వినిపించాయి.

పాత పేపర్ల దుకాణంలో టెన్త్ గైడ్లు తప్ప ఏమీ దొరకలేదు. అక్కడివాళ్లు చెప్పిన ప్రెస్సుకు పోతే, ముందు గదిలో ఫ్లెక్సీ మిషను తిరుగుతోంది. "ట్రెడిల్ మిషన్ తూకానికి అమ్మినం సార్. సీసం అచ్చులు గూడ అండ్లనే పాయె" అన్నాడు యజమాని. అయినా అటక మీంచి ఒక కట్ట దించి, దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు. సగం చెదలు తినేసింది.

మిగిలిన సగంలో ఒకటి చేతిలోంచి దిగలేదు. అచల తత్వాలు, అంటే వేదాంత పాటలు, ఇంకా భజన కీర్తనలు. నాలుగో పేజీ దాకా అక్షరాలు సన్నగా ఉండి, ఉన్నట్టుండి ప్రతి 'ళ' లావెక్కింది. కంపోజిటర్ దగ్గర ఆ సైజు 'ళ' అచ్చులు అయిపోయి, హెడ్డింగుల పెట్టెలోంచి తీసి పేర్చుకున్నాడన్నమాట. వెనక మూడు కీర్తనలు కన్నడంలో ఉన్నాయి, లిపి మాత్రం తెలుగు. చివరి అట్ట మీద కాగితం ఖర్చు పెట్టుకున్నవాళ్ల పేర్లు, ఊర్లు.

కట్టలోనే ఇంకో రకం ఉన్నాయి. ఎర్ర సిరా అట్ట, పిడికిలి బొమ్మ. ప్రతి పుస్తకం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండి తీరాలని అప్పట్లో 1867 నాటి చట్టం ఉండేది. వీటి మీద మాత్రం ప్రెస్సు పేరు లేదు. విప్లవ పాటల బృందం జన నాట్య మండలి 1972లో పుట్టాక ఇలాంటి పాటలు ఊరూరా తిరిగాయి. పోలీసు నిర్బంధం పెరిగినప్పుడు చాలా ఇళ్లలో పుస్తకాలు పొయ్యిలోకి పోయాయి. తొంభైల్లో క్యాసెట్లు వచ్చి, జీపుల్లో పాట మోగడం మొదలయ్యాక మిగిలినవాటి అవసరమూ తీరిపోయింది. "ఇవి మీ ప్రెస్సులో వేసినవేనా?" అని అడిగాను. ఆయన నవ్వి, టీ తాగుతారా అన్నాడు.

భక్తి పుస్తకమైనా ఎర్ర పుస్తకమైనా ప్రతి పాట నెత్తిన ఒక చిన్న పంక్తి ఉంటుంది: వరుస, అంటే ఏ బాణీలో పాడాలో. బతుకమ్మ వరుస, కోలాటం వరుస, లేకపోతే ఏదో సినిమా పాట మొదటి రెండు మాటలు. సంగీతమంతా ఆ పంక్తిలోనే ఉంది. మాయాబజార్ పాటైతే సరే. మూడు వారాలు ఆడి పోయిన సినిమా అయితే? పుస్తకం ఉంటుంది, పాట ఉండదు. కాగితం సేకరించేవాళ్లం ఈ సంగతి మీద పెద్దగా మాట్లాడుకోము. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచేస్తే పనైపోయిందనుకుంటాము.

అందుకే ప్రెస్సాయన చెప్పిన భజన గురువు ఇల్లు వెతుక్కుంటూ పోయాను. ఒకప్పుడు మగ్గం నేసిన మనిషి. గుంత మగ్గం ఉన్నచోట ఇప్పుడు మనవడి మోటార్ సైకిలు ఉంది. పుస్తకం చేతికిస్తే కళ్లద్దాలు వెతకలేదు, అట్ట తడిమి, "ఇది మాదే" అన్నాడు.

"తాతా, ఈ వరుస ఏ సినిమాది?"

"సినిమానా? నాకేం ఎరుక బిడ్డా. మా గురువు గిట్ల పాడె." తాళాలు అందుకుని ఎత్తుకున్నాడు. నిజంగానే పాత సినిమా పాట నడక అది, చరణం ఎత్తుకునే చోట తెలిసిపోతుంది. ఆ సినిమా పేరు ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ట్యూను మాత్రం అచల తత్వం ఎక్కి ఈ గల్లీలో బతికేసింది. తర్వాత మన్యంకొండ హనుమద్దాసు కీర్తన ఒకటి, ఆ తర్వాత ముంబయికి వలసపోయిన కొడుకు మీద ఒక తల్లి పాట పాడాడు. ఆ తల్లి పాట ఏ పుస్తకంలోనూ లేదు. అదీ ఆ ఎర్ర పుస్తకాల కాలందేనట. భజన మధ్యలో ఎట్లా చేరిందంటే, "మంచిగుంటది గద" అన్నాడు.

ఫోన్లో రికార్డు చేసుకుంటుంటే ఆపమన్నాడు. ఒక్కడు పాడితే వరుస సగమే వస్తుందట, వంత పాడే గుంపు ఉండాలట. "దీపావళి ఎల్లినంక కురుమూర్తి జాతరకు రా. మావోళ్లంత వస్తరు."

తిరుగు బస్సులో పెన్సిల్‌తో పుస్తకం అంచున, ఆయన పాడినవాటి పక్కన గుర్తులు పెట్టుకున్నాను. ఇంకా సగానికి పైగా పాటలకు వరుస తెలియాలి. పక్క సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లాడు తొంగి చూసి, "మా అమ్మమ్మకు వస్తయ్ సార్ ఇవి" అన్నాడు. ఏ ఊరు బాబూ అన్నాను. ధన్వాడ అట. ఊరి పేరు అట్ట లోపలే రాసుకున్నాను.